నొప్పి తిరిగొచ్చిందా?

తాటిలంక ప్రభుత్వాసుపత్రిలో నొప్పికి మందివ్వడం మానేశారన్న సంగతి ఏటి అవతలికి ఇంకా పాకలేదు. పాకి ఉంటే వీరవేణి కూతుర్ని చంకనేసుకుని పొద్దున్నే మొదటి పడవెక్కి వచ్చేది కాదు.

పిల్ల పేరు జస్విత. ఆరేళ్లది. కింది దవడలో ఒక పాలపన్ను ఊడనూ ఊడక, ఉండనూ ఉండక, ఇంటిల్లిపాదినీ ఏడిపిస్తోంది. వీరవేణి సంగతి చెప్పనే అక్కర్లేదు. పిల్ల తుమ్మితే ఊపిరితిత్తులకి నెమ్ము చేరిందనుకుంటుంది. తుమ్మకపోతే ముక్కు మూసుకుపోయిందేమోనని గాభరా పడుతుంది. పన్ను నొప్పి చెవికి పాకుతుందని, చెవిలోంచి మెదడుకి పాకుతుందని పక్కింటావిడ మాటవరసకి అన్న దగ్గర్నుంచి ఆమెకు కాలు ఒకచోట నిలవడంలేదు. కోరిక మాత్రం చిన్నదే. పన్ను పీకించాలి. అది కాకపోతే నొప్పి మందు ఒక మూత పోయించి, పిల్ల కళ్లు మూస్తే చూడాలి.

చీటీలిచ్చే కిటికీ దగ్గర సిస్టర్ ఎస్తేరు రాణి తలెత్తకుండానే అడిగింది.

"ఏ శాఖమ్మా?"

"పన్ను నొప్పండి."

"అది అవయవం. నేనడిగింది శాఖ. సెరటోనినా, డోపమినా, నారడ్రినలినా, గాబానా, ఎండార్ఫినా?"

ఊరి పేర్లు అడుగుతున్నారనుకుంది వీరవేణి. "మాది రేవవతలండి," అంది.

సిస్టర్ అప్పుడు తలెత్తింది. "ఊళ్లు కావమ్మా. మెదడులో ఉండే రసాయనాలంట. నొప్పి కబురు పైకి పోకుండా దారిలో ఆపేది అవేనంట. మీ పాప నొప్పిని వాటిల్లో ఏది ఆపాలో తేలేదాకా ఇక్కడ మనుషులెవరూ ఆపకూడదు. ఆర్డరు."

"ఒక్క మూత మందు పొయ్యండమ్మా. పిల్ల తిండి తిని రెండు రోజులైంది."

"మందు బీరువాలో ఉంది. బీరువా తాళం సూపర్నెంటు గారి జేబులో ఉంది. ఆయన బుర్రలో మాత్రం ఇదుంది," అని సిస్టర్ ఒక లడ్డూ తీసి వీరవేణి చేతిలో పెట్టింది.

లడ్డూ అంటే లడ్డూ కాదు. పెసలు, సోయా గింజలు, నువ్వులు, గుమ్మడి గింజలు దంచి బెల్లప్పాకంలో ఉండ చుట్టింది. కిటికీ చెక్క మీద పెడితే టక్కుమంది.

ఇదంతా ఎక్కడ మొదలైందో చెప్పాలి. సూపరింటెండెంట్ డాక్టర్ పరాంకుశం గారు ఆ మధ్య రాజధానిలో ఏదో సదస్సుకి వెళ్లారు. అక్కడొక శాస్త్రవేత్త తెర మీద ఎలుకల్ని చూపించాడు. మనం తినే పప్పుల్లో, గింజల్లో అమైనో ఆమ్లాలుంటాయి. ట్రిప్టోఫాన్ అనే దానితో మెదడు సెరటోనిన్ చేసుకుంటుంది. టైరోసిన్‌తో డోపమిన్, నారడ్రినలిన్ చేసుకుంటుంది. ఎలుకకి కొన్ని అమైనో ఆమ్లాలిస్తే నొప్పి కొంత తగ్గింది. ఆ తగ్గడం ఏ రసాయనం చలవో తెలుసుకోవడానికి శాస్త్రవేత్త ఒక్కొక్క రసాయనాన్నీ ఆపి చూశాడు. దేన్ని ఆపితే నొప్పి తిరిగొచ్చిందో దాని పాత్ర ఉన్నట్టు. మంచి మాటే. ఎలుకల్లో చూసింది మనుషులకి అంతే వర్తిస్తుందని ఇప్పుడే చెప్పలేమని, మందులు మానేయమని తాననడం లేదని కూడా చెప్పాడు. ఆ ముక్క చెప్పే వేళకి పరాంకుశం గారు టీ తాగడానికి బయటికి వెళ్లారు.

తిరిగొచ్చాక ఆయన గోడకి అంటించిన ఉత్తర్వు ఇది: "నొప్పి నివారణకు కావలసిన సకల యంత్రాంగమూ రోగి తలయందే సిద్ధముగా ఉండగా, ప్రభుత్వ మాత్రలు మింగుట సదరు యంత్రాంగమును అవమానించుటయే అగును. కావున తదుపరి ఉత్తర్వులు వెలువడు వరకు నొప్పి మాత్రలు నిలుపుదల చేయడమైనది. సదరు యంత్రాంగములోని శాఖల మధ్య సమన్వయలోపము కనిపించుచున్నందున, ఆసుపత్రియందు ఒక్కొక్క శాఖకు ఒక్కొక్క గది కేటాయించడమైనది."

అలా ఎక్స్‌రే గది డోపమిన్ శాఖ అయింది. టీకాల గది సెరటోనిన్ శాఖ అయింది. సైకిళ్ల షెడ్డుకి తడిక కట్టి నారడ్రినలిన్ శాఖ అన్నారు. ఒక్కో శాఖకి ఒక్కో రంగు ముద్ర. అయిదు ముద్రలూ చేతి మీద పడ్డాక గానీ రోగిని సూపరింటెండెంట్ చూడరు.

వీరవేణి పిల్లని ఎత్తుకుని వరండాలోకి వచ్చింది. అక్కడ బల్ల మీద ఒక పెద్దాయన కాళ్లు బారజాపుకుని కూర్చుని చుట్ట నలుపుతున్నాడు. పేరు పోశియ్య. కొబ్బరిచెట్లెక్కి దింపు తీసే మనిషి. జారిపడి భుజం పట్టేసి వచ్చాడు.

"ఇంకా తగ్గలేదా బాబాయ్?" అంది వీరవేణి జాలిగా.

"తగ్గి నాలుగ్రోజులైందమ్మాయ్. అందుకే ఉంచేశారు."

"తగ్గితే ఇంటికి పంపరా?"

"ఎలా పంపుతారు? ఏ శాఖ తగ్గించిందో తేలొద్దా? నొప్పి తిరిగొస్తే గానీ తేలదంట. ఇదుగో, కూకున్నాను. వస్తే పోదారని." పెద్దాయన చుట్ట చెవి సందున దోపుకుని అటూ ఇటూ చూపించాడు. "తగ్గనోళ్లది తూరుపు వరండా. తగ్గినోళ్లది పడమర. ఇంటికెళ్లేవోళ్లకి ఇంకా వరండా కట్టలేదు."

వీరవేణి పిల్లని ఇంకో చంకకి మార్చుకుంది. తిరిగి పోదామని గేటు వైపు చూసింది. గేటు దగ్గర వాచ్‌మన్ అడ్డంగా నిలబడి ఉన్నాడు. చీటీ రాయించుకున్నాక ముద్రలు లేకుండా బయటికి వెళ్లడం కుదరదన్నాడు. ఈలోగా జస్విత, "అమ్మా, పన్నూ..." అని రాగం అందుకుంది. ఇక తప్పక సెరటోనిన్ శాఖలోకి నడిచింది.

అక్కడ ఇన్‌చార్జి గవర్రాజు గారని, మొన్నటిదాకా జనన మరణాలు రాసేవారు. ఇప్పుడు పక్కన అగరొత్తి వెలిగించుకుని కూర్చున్నారు.

"మనసు ప్రశాంతంగా ఉందా తల్లీ?"

"పిల్లకి పన్ను నొప్పండి."

"మైనరు గనక తల్లి ప్రశాంతతే లెక్కలోకి వస్తుంది. ప్రశాంతంగా ఉందా?"

"లేదండి. పన్ను నొప్పి మెదడుకి పాకుతుందంటున్నారండి. ఇది రెండు రోజుల్నించి గంజి తప్ప ముట్టలేదండి. పడవలో ఎండ తగిలిందేమోనండి, ఒళ్లు కూడా వెచ్చగా..."

"ఇంత గోల ఉన్న ఇంట్లోకి ట్రిప్టోఫాన్ వచ్చి ఎక్కడ కూర్చుంటుందమ్మా?" అని గవర్రాజు గారు నొచ్చుకున్నారు. "ఊపిరి పీల్చి వదులు. నవ్వుతూ వదులు." వీరవేణి నవ్వబోయింది. ఆ నవ్వు చూసి జస్విత భయపడి ఏడ్చింది. గవర్రాజు గారు ఆకుపచ్చ ముద్ర వేసి, కింద 'షరతులకు లోబడి' అని కలంతో రాశారు.

డోపమిన్ శాఖలో, "నీకేం కావాలి పాపా?" అని అడిగారు. కోరిక పుట్టించడం ఆ శాఖ పని. తీర్చడం వాళ్ల పని కాదు. జస్విత ఎర్ర గౌను, కుక్కపిల్ల, ఆకాశంలో పోయే విమానం కావాలంది. అన్నీ శ్రద్ధగా విని, ఎర్ర ముద్ర వేసి పంపేశారు. అప్పట్నుంచి పిల్ల పన్ను కోసం ఒకసారి, కుక్కపిల్ల కోసం ఒకసారి ఏడవడం మొదలెట్టింది.

గాబా శాఖలో అందరూ నిద్రపోతున్నారు. అది వాళ్ల డ్యూటీ అట. ముద్ర రోగులే వేసుకోవాలని బల్ల మీద రాసి ఉంది. ఎండార్ఫిన్ శాఖ వాళ్లు తల్లీపిల్లల్ని ఆసుపత్రి చుట్టూ పరుగెత్తించి, ఎగశ్వాసతో వచ్చాక ముద్ర కొట్టారు. ఇక సైకిళ్ల షెడ్డులో తడిక వెనక నుంచి ఒక అటెండరు, "భౌ!" అని మీదికి దూకాడు. భయపడితే నారడ్రినలిన్ ఊరుతుందని, అది ఊరితే నొప్పి తెలియదని. జస్విత కిలకిలా నవ్వింది. వీరవేణి మాత్రం అక్కడే కూలబడింది. ఆమెను లేపి మంచినీళ్లు తాగించి, "శాఖ పనితీరు సంతృప్తికరం," అనుకుని అటెండరు నీలం ముద్ర వేశాడు.

అయిదు ముద్రలతో పిల్ల చెయ్యి రంగులరాట్నంలా ఉంది. పన్ను మాత్రం అలాగే ఉంది.

పరాంకుశం గారు అప్పుడు తమ గదిలో లేరు. క్యాంటీన్లో వంటావిడ భ్రమరాంబతో వాదిస్తున్నారు. సదస్సులో చూపించిన ఎలుకల్ని వేడి పళ్లెం మీద నిలబెట్టి, ఎంతసేపటికి కాళ్లు నాకుతాయో చూసి నొప్పి కొలిచారట. ఆసుపత్రి మొత్తానికి అలాంటి సామాను ఒక్కటే ఉంది.

"ఇది ప్రజా ప్రయోజనాల దృష్ట్యా అడుగుతున్నానమ్మా. పొయ్యి సన్నమంట మీద పెడితే చాలు."

"ఆయ్! నా పెనం మీద పెసరట్లేస్తానండి, పేషెంట్లని వెయ్యనండి," అంది భ్రమరాంబ అట్లకాడ ఎత్తి పట్టుకుని.

"పెసరట్టులోనూ అమైనో ఆమ్లాలే ఉన్నాయి. సిద్ధాంతరీత్యా నువ్వు మా పక్షమే."

"పక్షమైతే పక్కకి జరగండి బాబూ, మాడిపోతంది."

ఆయన వెనక్కి తిరిగేసరికి తలుపు దగ్గర వీరవేణి దణ్ణం పెట్టుకుని నిలబడి ఉంది.

"అయ్యా, అయిదు ముద్రలూ వేయించానండి. పన్ను పీకేయండి. లేకపోతే ఒక్క మూత మందు..."

"పన్ను జోలికి మనం పోము. పన్ను నొప్పికి వేదిక మాత్రమే," అన్నారు పరాంకుశం గారు దయగా. "లడ్డూ సేవనం జరిగిందా?"

జరగలేదు. వీరవేణి కొంగులో కట్టుకున్న లడ్డూ తీసింది. పిల్ల గొంతుకి అడ్డం పడుతుందేమోనని చిదపబోయింది. అది చిదగలేదు. గోడకేసి కొట్టింది. సున్నం రాలింది. కుక్కపిల్ల కోసం ఏడ్చి ఏడ్చి అలిసిపోయి, పెసరట్టు వాసనకి నోరూరి ఉన్న జస్విత, అమ్మ చేతిలోంచి దాన్ని లాక్కుని కసిగా కొరికింది.

టిక్‌మని చిన్న చప్పుడయింది.

పిల్ల లడ్డూని నోట్లోంచి తీసింది. పాలపన్ను దానికే అంటుకుని ఉంది, బర్ఫీ మీద జీడిపప్పు బద్దలాగా. జస్విత నాలికతో చిగురు తడుముకుంది. కాసేపు ఆలోచించింది.

"అమ్మా, పోయింది," అంది. "పెసరట్టు కావాలి."

వీరవేణికి ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. నెత్తురేమైనా వస్తోందా అని పిల్ల నోట్లోకి తొంగిచూసింది. చుక్క వచ్చి ఆగిపోయింది. పిల్లని గట్టిగా వాటేసుకుని గేటు వైపు రెండడుగులు వేసింది. మూడో అడుగు పడేలోపే ఆసుపత్రంతా కబురు గుప్పుమంది. అయిదు శాఖలవాళ్లూ పరుగున వచ్చేశారు. గాబా వాళ్లు కూడా లేచి వచ్చారు.

"ఉపశమనం మాది! ప్రశాంతంగా ఊడింది చూడండి," అన్నారు గవర్రాజు గారు.

"కొరకాలన్న కోరిక ఎవరు పుట్టించారు?" అని డోపమిన్ శాఖ.

"మేం పరుగెత్తించకపోతే అంత ఆకలేసేదా?" అని ఎండార్ఫిన్ శాఖ.

"భౌ అన్నది నేను!" అన్నాడు అటెండరు.

వీరవేణి మెల్లగా, "పన్ను ఊడిందండి, అందుకే తగ్గిందండి," అంది.

పరాంకుశం గారు చెయ్యెత్తారు. "పన్ను నాడీ రసాయన వ్యవస్థ కాదు. ఉత్తర్వులో పన్నుకు స్థానం లేదు. ఘనత ఎవరిదో శాస్త్రీయంగా తేల్చాలి. ఒక్కొక్క శాఖనూ ఆపి చూడాలి."

ఎలుకల దగ్గర ఆపడానికి వేరే మందులున్నాయి. ఇక్కడ తాళంకప్పలున్నాయి. వాచ్‌మన్ వెళ్లి టీకాల గదికి తాళం వేసి వచ్చాడు.

"సెరటోనిన్ ఆపడమైనది," అని ప్రకటించి, పరాంకుశం గారు పిల్ల ముందు వంగారు. "నొప్పి తిరిగొచ్చిందా?"

"లేదు," అంది జస్విత. భ్రమరాంబ ఇచ్చిన పెసరట్టు ముక్క నోట్లో ఉంది.

గవర్రాజు గారి ముఖం చిన్నబోయింది. ఎక్స్‌రే గదికి తాళం పడింది.

"నొప్పి తిరిగొచ్చిందా?"

"లేదు. కుక్కపిల్లేదీ?"

గాబా గదికి తాళం వేస్తే లోపల ఇంకా ఒకాయన నిద్రపోతున్నట్టు తెలిసింది. ఆయన్ని లేపితే శాఖ తెరిచినట్టవుతుందని వదిలేశారు. ఎండార్ఫిన్ శాఖకీ తాళం వేశారు. సైకిళ్ల షెడ్డుకి తలుపు లేదు గనక తడికని తాడుతో కట్టి, ముడి మీద లక్క పోశారు.

"నొప్పి తిరిగొచ్చిందా?"

"లేదండీ," అంది పిల్ల, ఈసారి మర్యాదగా.

పరాంకుశం గారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు.

"అయిదు శాఖలూ మూతపడినా ఈ బాలికకు నొప్పి లేదు. అనగా ఈమె ఏ శాఖ అనుమతీ లేకుండా ఉపశమనం పొందుతోంది. ఇది అక్రమ ఉపశమనం. దీనిని క్రమబద్ధీకరించే వరకు, లేదా నొప్పి తిరిగి వచ్చే వరకు, పడమర వరండాలో ఉంచవలసిందిగా ఆదేశిస్తున్నాను."

"ఎంతకీ రాకపోతేనండి?" అంది వీరవేణి.

ఆయన చిన్న టార్చి వేసి జస్విత నోట్లోకి చూశారు. "పక్క పన్ను కూడా కొంచెం ఊగుతున్నట్టుందే," అన్నారు ఆశగా. "సిస్టర్, పాపకి ఇంకో లడ్డూ."

అంతే, వీరవేణికి ఒళ్లు మండింది. పిల్ల విషయంలో భయపడీ భయపడీ ఆమె బుర్ర మహా చురుకైపోయింది. ఏ మూల నుంచి ఏ ప్రమాదం వస్తుందో రోజంతా ఊహించే మనిషికి, ఏ మూల నుంచి బయటపడాలో కూడా తోస్తుంది.

"అయ్యా, చదువు లేనిదాన్ని, తప్పుగా అంటే ఏమీ అనుకోకండి," అంది. "అయిదూ మూశారు, బాగానే ఉందండి. కానీ మేం వచ్చింది ఈ అయిదింటి కోసం కాదండి. ఆసుపత్రికండి. తగ్గించింది ఆసుపత్రేమోనండి? దాన్ని మూసి చూళ్లేదు కదండీ."

పరాంకుశం గారు కదలకుండా నిలబడిపోయారు. కళ్లు మెల్లగా పెద్దవయ్యాయి. సదస్సులో తెర మీది ఎలుకని చూసినప్పుడు కూడా ఆయన ముఖం అంతగా వెలిగి ఉండదు.

"ఆరో వ్యవస్థ!" అన్నారు. "ఎవరికీ తట్టలేదు! మూయండి. ఆసుపత్రిని మొత్తంగా మూయండి!"

"రోగుల్ని లోపల పెట్టి మూయాలాండి?" అని వాచ్‌మన్ అడిగాడు.

"రోగి లోపలుంటే వ్యవస్థ అందుతున్నట్టే కదయ్యా! రోగులందరూ బయట ఉండాలి. సిబ్బంది బయట ఉండాలి."

"పొయ్యి మీద అట్టుందండీ," అంది భ్రమరాంబ.

"అట్టూ బయటే ఉండాలి!"

సిస్టర్ ఎస్తేరు రాణి ముందుకొచ్చింది. ముఖంలో ఎక్కడా నవ్వు లేదు. "సార్, మూసిన వ్యవస్థలో మందులుండచ్చా? రేపు ఎవరైనా ఫలితాన్ని శంకిస్తారేమో."

"ఉండరాదు," అన్నారు ఆయన. జేబులోంచి బీరువా తాళం తీసి ఆమె చేతిలో పెట్టారు. "ఒక్క మాత్ర కూడా లోపల మిగలకూడదు."

"అలాగే సార్. మరి మీరు?"

"వ్యవస్థకి అధిపతిని నేనే. నేను బయట ఉంటే వ్యవస్థ బయట ఉన్నట్టే." ఆయన కుర్చీ తెప్పించుకుని గేటు లోపలి పక్కన వేసుకుని కూర్చున్నారు. "వెయ్యి తాళం."

తూర్పు వరండా, పడమర వరండా కలిసి ఏటిగట్టు రోడ్డు మీదికి పొర్లాయి. బొబ్బలు, బెణుకులు, నడుం పట్లు, కుట్లు, అన్నీ ఎండలో నిలబడ్డాయి. వాచ్‌మన్ గేటుకి పెద్ద తాళం వేశాడు. సిస్టర్ బస్టాపు నీడలో బల్ల వేసుకుని, లోపలి నుంచి తెచ్చిన డబ్బాలు విప్పి, తగ్గనివాళ్లని వరసలో నిలబెట్టింది. ఒక్కొక్కరి ఒళ్లు చూసి, తిన్నారో లేదో అడిగి మరీ మాత్రలిచ్చింది. సోడాబండి వాడు నీళ్లిచ్చాడు. తగ్గినవాళ్లు ఆ వరసకేసి కూడా చూడకుండా ఇళ్లకి బయల్దేరారు. పోశియ్య అందరికంటే ముందు నడుస్తున్నాడు. "పద పద, గాలి తగిలితే మళ్లీ పట్టేత్తాదేమో," అని తన భుజాన్ని తానే తోలుకుంటున్నాడు.

ఎండ నడినెత్తికి వచ్చేసరికి మాత్రలు పనిచేశాయి.

"నొప్పి తిరిగొచ్చిందా?" అని గేటు ఊచల్లోంచి కేక వినిపించింది.

"ఉన్నది కూడా పోయిందండీ!" అని బస్టాపు మొత్తం ఒక్కసారే అరిచింది.

పరాంకుశం గారు ఊచలు పట్టుకుని లేచి నిలబడ్డారు. "ఏమిటీ! ఆసుపత్రి మూసేసరికి నొప్పులన్నీ పోయాయా? అయితే ఇన్నాళ్లూ నొప్పికి కారణం..." మాట పూర్తి చేయలేకపోయారు. కళ్లు చెమర్చాయి. "సిస్టర్! ఇది రాష్ట్రమంతటా అమలు కావలసిన విషయం! తాళం తియ్యండి, నేను రాజధానికి వెళ్లాలి!"

"పరీక్ష మధ్యలో తాళం తీస్తే ఫలితం పాడవదా సార్?"

ఆయన ఆలోచించారు. శాస్త్రం ముందు తనెంత? "నిజమే. తియ్యకండి," అని మళ్లీ కుర్చీలో కూర్చున్నారు.

వీరవేణి ఇదంతా వినడానికి నిలబడలేదు. రేవు దగ్గర దుకాణంలో జస్వితకి జంతిక కొనిచ్చి, పడవలో నీడ ఉన్న పక్కన కూర్చుంది. పిల్ల కరకరా నములుతుంటే, ఆ చప్పుడు వినడానికి ఆమె తల వంచి చెవి దగ్గరగా పెట్టింది. సొట్ట పడ్డ బుగ్గ కింద దవడ గబగబా ఆడుతోంది. రెండు రోజుల ఆకలి మరి.

పడవ గట్టు వదిలాక గాలి వాటున మళ్లీ వినిపించింది, సన్నగా, దూరంగా. "నొప్పి తిరిగొచ్చిందా?"

జస్విత లేచి నిలబడి, నోటినిండా జంతికతో, ఏరంతా దద్దరిల్లేలా అరిచింది.

"లేదూ!"

పడవలో వాళ్లంతా ఉలిక్కిపడ్డారు. వీరవేణి గౌను పట్టుకుని పిల్లని కిందికి లాగింది.

"అరవకే," అంది కంగారుగా. "గొంతు నొప్పి వస్తాది."